ప్రియదర్శిని పెట్టె, సరాయికెలా ముసుగు

మా నాన్నగారికి నిరుడు మళ్ళీ బదిలీ అయింది. నాకు పన్నెండో తరగతి అయ్యేదాకా స్కూలు మార్చకూడదని అమ్మా, తమ్ముడూ, నేనూ జంషెడ్‌పూర్‌లోనే ఉండిపోయాం. రోజూ రాత్రి తొమ్మిదింటికి నాన్నగారు వీడియో కాల్ చేస్తారు. ఆయన ఉన్నచోట సిగ్నల్ సరిగా అందదు. బొమ్మ వస్తుంది, మాట రాదు. మొదట్లో "వినబడట్లేదు నాన్నా!" అని ముగ్గురం అరిచేవాళ్ళం. ఇప్పుడు అరవడం మానేశాం. ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటే ఆ రోజు పని ఎక్కువైందని అర్థం. ఐదు వేళ్ళూ కలిపి నోటి దగ్గర పెడితే "తిన్నారా?" అని. ఫోన్ పెట్టేసే ముందు అరచేతిని తెరకు ఆనిస్తారు. తమ్ముడు కూడా తన అరచేతిని సరిగ్గా అదే చోట ఆనిస్తాడు.

వేసవి సెలవుల్లో మా ఇంటికొచ్చిన అమ్మమ్మ ఇదంతా చూసి, "మీ ఫోను మాయాబజార్‌లో పెట్టెలా ఉందే!" అంది. తమ్ముడికి మాయాబజార్ తెలియదు. వాడు పుట్టింది భోపాల్‌లో, చదువు మొదలుపెట్టింది నాగపూర్‌లో. తెలుగు మాట్లాడతాడు కానీ పాత సినిమాల్లోని తెలుగు వాడికి సగం కూడా అర్థం కాదు. ఆ ఆదివారం అమ్మమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి సినిమా చూపించింది. మాటలు అర్థం కాకపోయినా వాడు మధ్యలో ఎక్కడా లేచి వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో ఆలోచించడం మొదలుపెట్టాకే ఈ వ్యాసం రాయాలనిపించింది.

దేవతలు, రాక్షసులు, మాయలు ఉన్న ప్రేమకథలను మనం ఎందుకు నమ్ముతాం? మాయ ఎంత పెద్దదైనా, మన మనసు పట్టుకునేది మాత్రం ఒక చిన్న సైగనే అని నాకు అనిపిస్తోంది. అది ఎలా పనిచేస్తుందో మూడు నాలుగు ఉదాహరణలతో చెబుతాను.

పెట్టెలో కనిపించిన బావ

మాయాబజార్ 1957 మార్చి 27న విడుదలైంది. విజయా వారి సినిమా. దర్శకుడు కె.వి.రెడ్డి, మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావు, ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్‌లీ. అభిమన్యుడిగా అక్కినేని నాగేశ్వరరావు, శశిరేఖగా సావిత్రి, కృష్ణుడిగా ఎన్.టి.రామారావు, ఘటోత్కచుడిగా ఎస్.వి.రంగారావు నటించారు. మన మహాభారతంలో శశిరేఖ లేదు. ఈ కథ జనం నోళ్ళలో, నాటకాల్లో పెరిగి సినిమాకు వచ్చింది.

ఈ సినిమాలో ప్రియదర్శిని అనే పెట్టె ఉంది. మూత తీసి చూసినవాళ్ళకు తమకు అన్నిటికన్నా ప్రియమైనది అందులో కనబడుతుంది. శశిరేఖ చూస్తే బావ అభిమన్యుడు కనబడతాడు. కృష్ణుడు చూస్తే పాచికలతో శకుని కనబడతాడు! (ఎందుకో మీరే ఆలోచించండి. జవాబు మహాభారతంలో ఉంది.) చిన్నప్పుడు కలిసి ఆడుకుని విడిపోయిన బావామరదళ్ళు పెద్దయ్యాక మొదట ఒకరినొకరు చూసుకునేది ఈ పెట్టెలోనే. ఎక్కడో ఉన్న మనిషిని తెరలో చూసి మాట్లాడటం ఈ రోజు మన ఇళ్ళలో రోజూ జరిగే పని. 1957లో అది మాయ.

ఇప్పుడు ఆ సన్నివేశాన్ని కెమెరా వైపు నుంచి చూద్దాం. అక్కడ ఇద్దరు నటులు ఒకే చోట ఎదురెదురుగా నిలబడి లేరు. అయినా వాళ్ళు ఒకరి కళ్ళలోకి ఒకరు చూస్తున్నారని మనం నమ్ముతాం. దీని వెనుక ఒక లెక్క ఉంది. శశిరేఖ చూపు ఏ కోణంలో పెట్టెలోకి దిగుతుందో, దానికి సరిపడే కోణంలో అభిమన్యుడి చూపు పైకి రావాలి. ఆ రెండు చూపుల గీతలు కలిస్తేనే మన బుర్ర "వీళ్ళు చూసుకుంటున్నారు" అని తేల్చుకుంటుంది. సినిమావాళ్ళు దీన్ని ఐలైన్ అంటారు. గీత కొంచెం తప్పినా ఇద్దరూ గోడలను చూసి మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

వీడియో కాల్‌లో జరిగేది సరిగ్గా ఆ తప్పే. మనం తెర మీద ఉన్న ముఖాన్ని చూస్తాం. కెమెరా కన్ను మాత్రం తెరకు పైన ఉంటుంది. అందుకని అవతలివాళ్ళకు మన కళ్ళు ఎప్పుడూ కొంచెం కిందికి వాలినట్టే కనబడతాయి. నాన్నగారు రోజూ మా వైపే చూస్తున్నా, నా కళ్ళలోకి చూస్తున్నట్టు నాకు ఎందుకు అనిపించదో ఇన్నాళ్ళకు తెలిసింది. ఆయన చూస్తున్నది నన్నే, కానీ ఆ చూపు నాకు చేరడం లేదు.

ఒకే ముఖం, వేరే మనిషి

అదే సినిమాలో ఇంకో వింత ఉంది. ఘటోత్కచుడు మాయతో శశిరేఖ రూపం ధరిస్తాడు. ఆ మాయా శశిరేఖగా నటించింది కూడా సావిత్రే. అంటే ఒక అమ్మాయి, తనలోకి దూరిన రాక్షసుడిలా నటించాలి. ముఖం మార్చే వీల్లేదు, చీర మార్చే వీల్లేదు.

మరి ఏం మారింది? ఒళ్ళు మారింది. అసలు శశిరేఖ నడకలో అడుగు తేలికగా పడుతుంది, మెడ ఒదిగి ఉంటుంది. మాయా శశిరేఖ భుజాలు విరుచుకుని నిలబడుతుంది. ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు మగవాడిలా బారుగా అంగలు వేస్తుంది. ఎవరో వస్తున్నారని తెలియగానే ఒక్క క్షణంలో సిగ్గుపడే పెళ్ళికూతురైపోతుంది. ఆ మార్పు చూసి తమ్ముడు పొట్ట పట్టుకుని నవ్వాడు. వాడికి ఒక్క మాట కూడా అనువదించి చెప్పాల్సిన పని పడలేదు.

మనిషిని గుర్తుపట్టడానికి మనం ముఖం మీదే ఆధారపడతామని అనుకుంటాం. సందు చివర చీకట్లో వస్తున్న అమ్మను ముఖం కనబడకముందే నడకను బట్టి గుర్తుపట్టిన రోజు గుర్తు తెచ్చుకోండి. ప్రేమలో కూడా అంతే. శశిరేఖ నిజంగా అభిమన్యుడి పక్కన ఉన్నప్పుడు ఆమె భుజం ఎటు వాలుతుందో, అబద్ధపు పెళ్ళిపీటల మీద ఆ భుజం ఎలా బిగుసుకుంటుందో పోల్చి చూస్తే కథంతా తెలిసిపోతుంది.

వెన్నెల్లో పడవ పాట గురించి కూడా ఒక మాట. ఆ వెన్నెల బార్ట్‌లీ దీపాలతో, కెమెరాతో తయారుచేసిన వెన్నెల. నలుపు తెలుపు చిత్రం కాబట్టి రంగుల సాయం లేదు. నీటి మీద మెరుపు, ముఖం మీద మెత్తటి వెలుగు, ఆ వెలుగులో నెమ్మదిగా కదిలే తెడ్డు, అంతే ఉన్నాయి. 2010లో ఈ సినిమాకు రంగులద్ది మళ్ళీ విడుదల చేశారు. మా అమ్మమ్మ మాత్రం "రంగులేస్తే చీర మీదకి పోతుంది కన్ను. నలుపు తెలుపైతే ఆ పిల్ల కళ్ళ దగ్గరే ఆగుతుంది" అంటుంది.

ముఖమే కదలకపోతే?

ఇంతవరకు చెప్పినవాటిలో నటులకు కనీసం కళ్ళున్నాయి, పెదవులున్నాయి. అవి కూడా లేకపోతే ప్రేమను ఎలా చూపిస్తారు? దీనికి జవాబు మన జంషెడ్‌పూర్ పక్కనే ఉంది.

దోముహాని దగ్గర సువర్ణరేఖలో కలిసే ఖర్కాయి నదిని మీరందరూ చూసే ఉంటారు. ఆ ఖర్కాయి ఒడ్డునే, ఇక్కడికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో సరాయికెలా ఉంది. ఒకప్పుడు అది చిన్న సంస్థానం. అక్కడి ఛౌ నాట్యం ప్రపంచమంతా తెలుసు. రాజకుటుంబానికి చెందిన విజయ్ ప్రతాప్ సింగ్‌దేవ్ ఈ నాట్యాన్ని తీర్చిదిద్దారు. 1938లో సరాయికెలా బృందం యూరప్ వెళ్ళి ప్రదర్శనలు ఇచ్చింది. 2010లో యునెస్కో ఛౌను మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఛౌలో మూడు రకాలున్నాయి. పురూలియా ఛౌలో పెద్ద పెద్ద ముసుగులుంటాయి. మయూర్‌భంజ్ ఛౌలో ముసుగే ఉండదు. సరాయికెలా ముసుగు చిన్నది, నున్నటిది, ముఖానికి అతికినట్టుంటుంది. కళ్ళు సగం మూసినట్టు పొడుగ్గా ఉంటాయి.

ఆ ముసుగును మట్టి అచ్చు మీద కాగితం, పల్చటి గుడ్డ పొరలు పొరలుగా అతికించి చేస్తారు. ఆరాక అచ్చు నుంచి తీసి లేత రంగులు వేస్తారు. అది పెట్టుకున్నాక నర్తకుడికి చూడటానికి సన్నటి చీలికలే మిగులుతాయి. ఊపిరి ఆడటమూ కష్టమే. అందుకే ఒక్కో నాట్యం కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది. పాటా ఉండదు, మాటా ఉండదు. ఢోలు, నగారా, సన్నాయి లాంటి వాద్యాలు మాత్రం మోగుతాయి.

ఛౌకు పునాది రెండు చోట్ల నుంచి వచ్చింది. ఒకటి కత్తి డాలు పట్టి చేసే ఫరీఖండా అనే సాము. రెండోది ఇల్లు. ఊళ్ళో ఆడవాళ్ళు రోజూ చేసే ఇంటిపనుల కదలికలు, జంతువుల, పక్షుల నడకలు నాట్యంలో అడుగులయ్యాయి. వాటిని చేతులతో కాకుండా ఎక్కువగా కాళ్ళతో, నడుముతో చూపిస్తారు. దేవుడి పాత్ర వేసినా ఆ కదలికల్లో ఎక్కడో ఒక అమ్మ ఇల్లు ఊడుస్తూ కనిపిస్తుంది.

ఏప్రిల్‌లో చైత్ర పర్వం జరిగేటప్పుడు అమ్మ మమ్మల్ని సరాయికెలా తీసుకెళ్ళింది. ఆ రాత్రి మేము 'చంద్రభాగ' చూశాం. కథ చిన్నదే. చంద్రభాగ ఒక ఋషి కూతురు. సూర్యుడు ఆమెను చూసి మోహిస్తాడు. ఆమెకు ఇష్టం లేదు. తప్పించుకోవడానికి పరుగెత్తి పరుగెత్తి చివరికి సముద్రంలో దూకేస్తుంది. కోణార్క్ దగ్గర చంద్రభాగ తీర్థానికి ఈ కథే చెబుతారు.

చంద్రభాగ ముసుగు మొదటి నుంచి చివరిదాకా ఒక్కటే. ఆ పెదవుల మీద చిన్న చిరునవ్వు కూడా ఉంది. అయినా తమ్ముడు కొద్దిసేపటికే నా చెయ్యి పట్టుకుని, "అక్కా, ఆమెకి భయమేస్తోంది" అన్నాడు. "ఎలా తెలిసిందిరా?" అని అడిగాను. "కాళ్ళు వెనక్కి పోతున్నాయి. ముఖం మాత్రం ఇటే ఉంది" అన్నాడు.

వాడు చెప్పింది నిజం. సూర్యుడు ఒక అడుగు ముందుకేస్తే ఆమె పాదం నేల మీద జారుతూ వెనక్కి వెళ్తుంది. అతని చెయ్యి చాచినప్పుడల్లా ఆమె నడుము పక్కకు తిరుగుతుంది. అతనికి అది ప్రేమ. చూస్తున్న మనకు మాత్రం ఒక అమ్మాయి ఒంటి నిండా "వద్దు" అని చెబుతున్నట్టు కనబడుతుంది. అతను దేవుడు కదా, వెలుగుకే రాజు కదా, అయినా ఆ ఒక్క మాటను చూడలేకపోయాడు. ఎదుటి మనిషి ముఖంలో నవ్వు ఉన్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని, పాదాలను కూడా చూడాలని నాకు ఆ రాత్రి తెలిసింది. ఇది పదకొండో తరగతిలో ఉన్న మనందరికీ పనికొచ్చే విషయమే.

మరి చిరునవ్వు ఉన్న ముసుగు భయపడినట్టు ఎలా కనబడింది? అందులో కొంత వెలుగు చేసే పని ఉంది. నర్తకుడు తల కొంచెం దించితే నుదుటి నీడ కళ్ళ మీద పడుతుంది, ముసుగు దిగులుగా మారుతుంది. గడ్డం కాస్త ఎత్తితే వెలుగు బుగ్గల మీద పడి నవ్వినట్టుంటుంది. మిగతా పని మన మనసు చేస్తుంది. ఒళ్ళు చెబుతున్న సంగతిని తీసుకెళ్ళి కదలని ముఖం మీద రాస్తుంది.

జపాన్ నుంచి మన తోలుబొమ్మ దాకా

జపాన్‌లోని నో నాటకంలో కూడా ఇదే కిటుకు. అక్కడ చెక్క ముసుగులు వాడతారు. ముసుగును పైకి ఎత్తడాన్ని వెలిగించడమని, దించడాన్ని మబ్బు కమ్మించడమని వాళ్ళ భాషలో అంటారు. జెయామి అనే నాటకకర్త రాసిన 'ఇజుత్సు' అనే నాటకంలో ఒక స్త్రీ ఆత్మ వస్తుంది. భర్త అంగీ తనే వేసుకుని, చిన్నప్పుడు ఇద్దరూ ఆడుకున్న బావిలోకి తొంగిచూస్తుంది. నీళ్ళలో ఆమెకు భర్త ముఖం కనబడుతుంది. నాటకమంతా ఆ తొంగిచూపు కోసమే ఎదురుచూస్తుంది. అది చదివినప్పుడు నాకు వెంటనే శశిరేఖ పెట్టె గుర్తొచ్చింది. ఒకళ్ళ గురించి ఒకళ్ళకు తెలియని రెండు దేశాలు, దూరమైన మనిషిని చూడటానికి కిందికి వంగి తొంగిచూడటమనే ఒకే సైగను ఎంచుకున్నాయి.

మన ఆంధ్రలో తోలుబొమ్మలాట కూడా ఈ కోవలోదే. తోలు మీద గీసిన ముఖం మారదు. రాముడి బొమ్మ, సీత బొమ్మ తెర మీద ఎంత దగ్గరగా వస్తాయి, ఎవరు ముందు తల వంచుతారు, చెయ్యి ఎంతసేపు గాల్లో ఆగుతుంది, ఆడించేవారి వేళ్ళు ఇవే చూసుకోవాలి.

ఇంద్రజ ఉంగరం

మన వయసువాళ్ళు ఎక్కువగా చూసే సినిమా ఒకటి చెప్పి ముగిస్తాను. 1990లో కె.రాఘవేంద్రరావు తీసిన 'జగదేకవీరుడు అతిలోకసుందరి'. చిరంజీవి టూరిస్టు గైడు రాజు, శ్రీదేవి ఇంద్రుడి కూతురు ఇంద్రజ. భూమి మీద విహరించడానికి వచ్చిన ఇంద్రజ ఉంగరం పోగొట్టుకుంటుంది. అది లేకుండా తన లోకానికి తిరిగి వెళ్ళలేదు. ఆ ఉంగరం రాజుకు దొరుకుతుంది.

మొదట ఆమె చూపంతా ఆ ఉంగరం మీదే. ఎలాగైనా దాన్ని తీసుకుని వెళ్ళిపోవాలి. రోజులు గడిచేకొద్దీ ఆ చూపు వేలి నుంచి మెల్లగా మనిషి మీదకి, ఆ ఇంట్లో ఉన్న అనాథ పిల్లల మీదకి మారుతుంది. ఒక వస్తువు మీద చూపు ఎంతసేపు ఆగుతోందో గమనిస్తే చాలు, మనసు ఎటు పోతోందో తెలుస్తుంది. కొత్త ఊరు, కొత్త భాష, తిరిగి వెళ్ళిపోవాలన్న తొందర, తర్వాత వెళ్ళబుద్ధి కాకపోవడం. ఈ కథ మన బదిలీ పిల్లలకు అర్థమైనంతగా ఇంకెవరికి అర్థమవుతుంది చెప్పండి!

మీరూ చేసి చూడండి

ఒకటి. మీకు ఇష్టమైన సినిమాలో ఒక సన్నివేశాన్ని శబ్దం ఆపేసి చూడండి. ఎవరు ఎవరి వైపు వాలుతున్నారు, ఎవరి పాదాలు ఎటు తిరిగి ఉన్నాయి, కాగితం మీద రాసుకోండి. తర్వాత శబ్దం పెట్టి మళ్ళీ చూడండి. మాటలు ఒకటి చెబుతూ పాదాలు ఇంకొకటి చెబుతున్న చోట ఆగండి. అక్కడే అసలు కథ ఉంటుంది.

రెండు. అట్టతో ఏ భావమూ లేని ముఖం ఒకటి చేసి స్నేహితుడికి తగిలించండి. తల మాత్రమే కదుపుతూ సంతోషం, దిగులు, కోపం చూపించమనండి. టార్చిలైటు పైనుంచి ఒకసారి, కిందనుంచి ఒకసారి వేయండి. అదే అట్ట ఎన్ని ముఖాలవుతుందో లెక్కపెట్టండి.

మూడు. వీడియో కాల్‌లో మాట్లాడేటప్పుడు ఒక్క ఐదు సెకన్లు తెరను వదిలేసి, పైన ఉన్న ఆ చిన్న నల్లటి చుక్కను చూడండి. మీకు అవతలివాళ్ళు కనబడరు. వాళ్ళకు మాత్రం మీరు నేరుగా కళ్ళలోకి చూసినట్టుంటుంది.

మూడోది నేను పోయిన వారం చేశాను. ఎప్పటిలాగే మాట అందలేదు. నేను వేలితో ఫోను పైభాగాన్ని చూపించి, తర్వాత నా కళ్ళను చూపించాను. నాన్నగారికి అర్థం కాలేదు. ఫోను మీద ఏదో మరక ఉందనుకుని చొక్కా అంచుతో తుడిచారు. తమ్ముడు నవ్వాడు. నేను మళ్ళీ చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, తల కొంచెం పైకెత్తారు.

అప్పుడు మా వైపు చూశారు. అమ్మ చేస్తున్న పని ఆపి వచ్చి మా వెనక నిలబడింది. ఎవరం ఏమీ అనలేదు. సిగ్నల్ పోయేదాకా అలాగే ఉన్నాం.